శీర్షికలను కళ్లముందు నిలిపే ఫ్రీజ్ సదుపాయం: నాలుగు స్ప్రెడ్‌షీట్లపై సమీక్ష

కొండవీటి చేంతాడంత పట్టికను తెరిచి కిందికి జరుపుకుంటూ పోయేవారికి మొదట కనుమరుగయ్యేది శీర్షికల వరుసే. మొదటి తెరలో ‘మూలవేతనం’, ‘కోతలు’, ‘చెల్లించవలసిన మొత్తం’ అని పేర్లతో సహా స్పష్టంగా కనిపించిన కాలమ్‌లు ముప్పై నలభై వరుసలు దాటేసరికి తలాతోకా లేని అంకెల బారులుగా మిగిలిపోతాయి. కుడివైపుకు జరిపితే ఉద్యోగుల పేర్లున్న కాలమ్ ఎడమ అంచు దాటి వెళ్లిపోతుంది, ఇక ఏ అంకె ఎవరిదో తెలియదు. పైకి వెళ్లి పేరు చూసుకుని మళ్లీ కిందికి వచ్చేలోగా చూపు ఒక కాలమ్ పక్కకు తప్పి, కోతల్లో పడవలసిన అంకె వేతనంలో పడే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఆ ప్రమాదాన్ని తప్పించడానికి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములన్నీ ఇచ్చే ఏర్పాటే ఫ్రీజ్: ఎంచుకున్న వరుసలూ కాలమ్‌లూ కదలకుండా నిలుస్తాయి, మిగతా పట్టిక మాత్రమే జరుగుతుంది.

మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ క్యాల్క్, యాపిల్ నంబర్స్ అనే నాలుగింటిలో ఈ సదుపాయం ఎలా ఉందో పరిశీలించడమే ఈ సమీక్ష ఉద్దేశం. శీర్షికను నిలబెట్టడం అనే పని నాలుగూ చేస్తాయి, అందులో లోపమేమీ లేదు. అసలు తేడా మరోచోట ఉంది. ఆ వరుసను తెరమీద కదలకుండా పట్టుకోవడం ఒక ఎత్తయితే, అది శీర్షిక అని ప్రోగ్రాం గుర్తించడం మరో ఎత్తు. మొదటిది మాత్రమే చేసే ప్రోగ్రాంలో, అకారాది క్రమంలో పేర్చేటప్పుడు, అచ్చు తీసేటప్పుడు, పట్టికను పదిమందితో పంచుకునేటప్పుడు శీర్షిక సంగతి మనమే విడివిడిగా చూసుకోవలసి వస్తుంది. ఫ్రీజ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవారు చిక్కుల్లో పడేది అక్కడే.

ఈ అవసరం కొత్తదేమీ కాదు. వ్యక్తిగత కంప్యూటర్ల మీద తొలి స్ప్రెడ్‌షీట్‌గా పేరు పొందిన విసికాల్క్ 1979లో వచ్చినప్పుడు అందులో ఉన్నవి 63 కాలమ్‌లు, 254 వరుసలు మాత్రమే. అయినా అందులోనే శీర్షికలను అడ్డంగా గానీ, నిలువుగా గానీ, రెండువైపులా గానీ నిలిపే ఆదేశం ఉండేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 కూడా దానిని ‘టైటిల్స్’ అన్న పేరుతోనే కొనసాగించింది. నేటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు, 16,384 కాలమ్‌లు ఉన్నాయి. పట్టిక అన్ని రెట్లు పెరిగినా, శీర్షికను నిలిపే పద్ధతి మాత్రం మూలంలో అప్పటిదే.

ముందుగా ఎక్సెల్ సంగతి. ‘వ్యూ’ ట్యాబ్‌లో ‘ఫ్రీజ్ పేన్స్’ మీటను నొక్కితే మూడు ఎంపికలు తెరుచుకుంటాయి: ‘ఫ్రీజ్ పేన్స్’, ‘ఫ్రీజ్ టాప్ రో’, ‘ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్’. మీటకూ మొదటి ఎంపికకూ ఒకే పేరు పెట్టడంలో ఏం సౌలభ్యం చూశారో నాకు బోధపడదు. ఈ మొదటి ఎంపిక పనితీరంతా ఒకే సూత్రంపై నడుస్తుంది: కర్సర్ ఏ సెల్‌లో ఉందో, దానికి పైనున్న వరుసలన్నీ, దానికి ఎడమవైపున్న కాలమ్‌లన్నీ నిలిచిపోతాయి. కర్సర్ ఉన్న వరుస, కాలమ్ మాత్రం కదిలే భాగంలోకే వస్తాయి. కాబట్టి మొదటి వరుసా ‘ఏ’ అనే మొదటి కాలమూ నిలవాలంటే బీ2 (బీ కాలమ్, 2వ వరుస కలిసే) సెల్‌లో ఉండాలి. నాలుగు వరుసలూ రెండు కాలమ్‌లూ నిలవాలంటే సీ5కు వెళ్లాలి. కాలమ్‌లతో పనిలేకుండా వరుసలే నిలవాలంటే, నిలపదలచిన చివరి వరుసకు కిందనున్న వరుసను సంఖ్యపై నొక్కి మొత్తంగా ఎంచుకోవాలి. ఈ సూత్రం ఒకసారి ఒంటబడితే కీబోర్డు మీద ఆల్ట్ నొక్కి, వరుసగా డబ్ల్యూ, ఎఫ్, ఎఫ్ కొట్టడంతో పని అయిపోతుంది. కానీ ఇంత కీలకమైన సూత్రాన్ని తెలిపేది ఆ ఎంపిక కింద చిన్న అక్షరాలలో ఉన్న ‘ప్రస్తుత ఎంపికను బట్టి’ అన్న ముక్క ఒక్కటే, దానిని చదివేవారు అరుదు.

సూత్రం తెలియనివారు సహజంగానే మిగిలిన రెండు ఎంపికలవైపు మొగ్గుతారు. పేర్లు తేటగా ఉన్నాయి కనుక మొదట ‘ఫ్రీజ్ టాప్ రో’ నొక్కుతారు, పై వరుస నిలుస్తుంది. తరవాత మొదటి కాలమ్ కూడా కావాలనుకుని ‘ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్’ నొక్కుతారు. కాలమ్ నిలుస్తుంది గానీ, అంతకుముందు నిలిచిన వరుస జారిపోతుంది. ఈ రెండు ఎంపికలూ ఒకదానిని రద్దు చేసి మరొకటి అమలయ్యేవే తప్ప కలిసి పనిచేసేవి కావు. రెండూ ఒకేసారి కావాలనుకున్నవారు బీ2లో కర్సర్ ఉంచి మొదటి ఎంపికకు రావలసిందే. పేరు చూస్తే రెండూ జత కుదిరేట్టు కనిపించే మీటలను ఇలా పరస్పర విరుద్ధంగా తీర్చడం, ఇన్నేళ్లుగా దానిని అలాగే ఉంచడం ఈ సదుపాయంలో నాకు కనిపించిన పెద్ద లోపం.

‘టాప్ రో’ అంటే షీటులోని 1వ వరుస అని అనుకోవడం మరో పొరపాటు. ఎక్సెల్ దృష్టిలో అది ఆ క్షణాన తెరమీద పైన కనిపిస్తున్న వరుస. పట్టికను కొంత కిందికి జరిపి, 10వ వరుస తెర పైఅంచున ఉండగా ఆ మీట నొక్కితే నిలిచేది 10వ వరుసే, దాని పైనున్న తొమ్మిది వరుసలు ఎంత పైకి జరిపినా కనిపించవు. అవి చెరిగిపోలేదు, దాచబడలేదు, సూత్రాల (ఫార్ములాల) లెక్కల్లో యథాతథంగా ఉన్నాయి. చూడడానికి దారి మాత్రం మూసుకుపోయింది. అదే మీట ఉన్నచోట ఇప్పుడు కనిపించే ‘అన్‌ఫ్రీజ్ పేన్స్’ నొక్కితే తిరిగి వస్తాయి. సహోద్యోగి పంపిన ఫైలులో పై వరుసలు లేవని కంగారుపడేవారు ముందుగా ఎడమ అంచున ఉన్న వరుస సంఖ్యలను గమనించాలి. సంఖ్యలు 10తో మొదలై, ఆ వరుస కింద సన్నని ముదురు గీత కనిపిస్తే సంగతి ఇదే.

అయితే ఈ వింతనే మంచి ఉపాయంగా మలచుకోవచ్చు, దీని కోసమే నేను ఎక్సెల్‌కు కొన్ని మార్కులు ఎక్కువ వేస్తాను. చాలా కార్యాలయాల పట్టికల్లో పైన రెండు మూడు వరుసలు సంస్థ పేరుకూ, నివేదిక పేరుకూ, తేదీకీ పోతాయి, అసలు శీర్షికలు 4వ వరుసలో మొదలవుతాయి. పై వరుసల్లో పెద్ద అక్షరాలు, చిహ్నం ఉంటాయి గనక వాటి ఎత్తు కూడా ఎక్కువే. మామూలు ల్యాప్‌టాప్ తెరమీద ఒకేసారి కనిపించేవి పాతిక ముప్పై వరుసలు. ఏ5 వద్ద ఫ్రీజ్ చేస్తే ఆ పేరూ చిహ్నమూ కూడా నిలిచిపోయి, తెరలో మూడోవంతు దాకా తినేస్తాయి. అందుకని ముందు పట్టికను జరిపి 4వ వరుస సరిగ్గా తెర పైఅంచుకు వచ్చేలా చూడాలి. ఆ తరవాత, పేర్లున్న కాలమ్ కూడా నిలవాలంటే బీ5లో, అక్కర్లేకపోతే ఏ5లో కర్సర్ ఉంచి ఫ్రీజ్ చేయాలి. శీర్షికల వరుస ఒక్కటే నిలుస్తుంది, సంస్థ పేరు తెరవెనుకకు పోతుంది, అచ్చులో మాత్రం మామూలుగానే వస్తుంది. ఆ ఫైలును ఇతరులకు పంపేముందు అన్‌ఫ్రీజ్ చేయడమో, పై వరుసలు ఎందుకు కనిపించవో ఒక ముక్క రాయడమో మర్యాద.

కర్సర్ ఏ1లో ఉండగా ఫ్రీజ్ చేస్తే ఏమవుతుంది? పైన వరుస లేదు, ఎడమన కాలమ్ లేదు కనుక ఏమీ జరగకూడదు. ఎక్సెల్ మాత్రం కిటికీని నట్టనడుమ అడ్డంగానూ నిలువుగానూ చీల్చి, పై సగాన్నీ ఎడమ సగాన్నీ నిలిపేస్తుంది. ఎవరూ కోరని ఈ ఫలితం కన్నా, ఏ సెల్ ఎంచుకోవాలో ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటే ఎంతో మేలు.

ఈ ప్రవర్తనకంతటికీ కారణం ఎక్సెల్ ఫ్రీజ్‌ను పట్టికకు చెందిన గుణంగా కాక, కిటికీకి చెందిన అమరికగా చూడడమే. మాక్రోలు (పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాములు) రాసేవారికి ఇది బాగా తెలుసు: అక్కడ దీనిని అడగవలసింది షీటును కాదు, ‘యాక్టివ్‌విండో’ను. అందువల్లే పన్నెండు నెలలకు పన్నెండు షీట్లున్న ఫైలులో వాటినన్నింటినీ కలిపి ఎంచుకుని ఒకేసారి ఫ్రీజ్ చేద్దామంటే కుదరదు, ఎదురుగా తెరిచి ఉన్న ఒక్క షీటుకే అది వర్తిస్తుంది. ఒక్కొక్క షీటులోకి వెళ్లి చేసుకోవాలి, లేదా చిన్న మాక్రో రాసుకోవాలి. శ్రమ తగ్గించే మరో దారి ఏమిటంటే, మొదటి నెల షీటును ఫ్రీజ్‌తో సహా సిద్ధం చేసుకుని, మిగిలినవాటిని దాని నకళ్లుగా తయారుచేయడం. నకలుతో పాటు ఫ్రీజ్ కూడా వస్తుంది.

ఆ మీట కొన్నిసార్లు మసకబారి, నొక్కితే పలకదు. సాధారణంగా కారణాలు రెండు. సెల్‌లో ఏదో టైపు చేస్తూ మధ్యలో ఉండిపోవడం ఒకటి, ఎంటర్ గానీ ఎస్కేప్ గానీ కొడితే సరిపోతుంది. షీటు ‘పేజ్ లేఅవుట్’ వీక్షణలో ఉండడం రెండోది, ‘నార్మల్’కు మారితే మీట మళ్లీ వెలుగుతుంది. ఇంతకన్నా ఇబ్బందికరమైనది మరొకటి ఉంది. పెద్ద మానిటర్ మీద పదిహేను వరుసలు నిలిపి దాచిన ఫైలును చిన్న తెరలోనో, జూమ్ బాగా పెంచిన కిటికీలోనో తెరిస్తే నిలిచిన భాగమే తెరంతా ఆక్రమిస్తుంది. స్క్రోల్ పట్టీ జరుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం కదలదు. ప్రోగ్రాం స్తంభించిందని మూసి తెరిచినా అదే పరిస్థితి. జూమ్ తగ్గించి అన్‌ఫ్రీజ్ చేయడమే విరుగుడు.

ఎక్సెల్‌లోనే, శీర్షికను శీర్షికగా గుర్తించే మరో ఏర్పాటు ఉంది, కానీ అది ఈ మెనూలో కనిపించదు. పట్టికలో ఎక్కడైనా కర్సర్ ఉంచి కంట్రోల్-టీ నొక్కితే ఆ ప్రాంతం ‘టేబుల్’గా మారుతుంది. అప్పటినుంచి కిందికి జరిపితే శీర్షికల వరుస తెరదాటి పోగానే, పైన ఏ, బీ, సీ అని ఉండే కాలమ్ అక్షరాల స్థానంలో ఆ శీర్షికలే వచ్చి కూర్చుంటాయి. వడపోత మీటలు కూడా వాటి పక్కనే ఉంటాయి. తెరలో ఒక్క వరుస కూడా ఖర్చు కాదు. పేర్చడంలో శీర్షిక కొట్టుకుపోతుందన్న భయం లేదు, సూత్రాలలో కాలమ్‌ను దాని పేరుతోనే పిలవవచ్చు. వరుసలు పెరుగుతూ పోయే పట్టికలకు ఫ్రీజ్ కన్నా నేను ముందుగా సూచించేది ఇదే. పరిమితులు లేకపోలేదు: కర్సర్ ఆ టేబుల్ లోపల ఉన్నంతసేపే శీర్షికలు కనిపిస్తాయి, పొడవైన శీర్షికలు ఆ ఇరుకు పట్టీలో తెగిపోతాయి, ఎడమవైపు కాలమ్‌కు ఇలాంటి ఏర్పాటు లేదు. పేర్ల కాలమ్ కూడా నిలవాలంటే టేబుల్‌కు తోడు ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్ వాడుకోవచ్చు, ఆ రెండూ చక్కగా పొసగుతాయి.

‘స్ప్లిట్’ అనే మరో మీట పక్కనే ఉంటుంది, దీనికీ ఫ్రీజ్‌కూ మధ్య తేడాను పట్టించుకోనివారు ఎక్కువ. స్ప్లిట్ కిటికీని రెండు లేక నాలుగు భాగాలు చేస్తుంది, ఏ భాగాన్నైనా జరపవచ్చు. 20వ వరుసనూ 9,000వ వరుసనూ పక్కపక్కన పెట్టి పోల్చవలసిన పనికి అది తగినది. శీర్షిక నిలపడానికి దానిని వాడితే మాత్రం చేయి తగిలి శీర్షిక భాగం కూడా జరిగిపోతుంది. విడదీసే గీతపై రెండుసార్లు నొక్కితే స్ప్లిట్ పోతుంది.

గూగుల్ షీట్స్ దగ్గరికి వచ్చేసరికి మెనూ భాషే మారిపోతుంది. ‘వ్యూ’ మెనూలోని ‘ఫ్రీజ్’లో వరుసలు వద్దు, 1 వరుస, 2 వరుసలు, ఫలానా వరుస వరకు అని ఒక జాబితా, దాని కిందనే కాలమ్‌లకు అలాంటిదే మరో జాబితా ఉంటాయి. రెండూ దేనికదే స్వతంత్రం కనుక ఒక వరుస నిలిపాక ఒక కాలమ్ నిలిపితే రెండూ నిలుస్తాయి. ‘వరకు’ అన్న ఎంపికలో వరుస సంఖ్య అక్కడే రాసి ఉంటుంది, ఏం జరగబోతోందో నొక్కకముందే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి వివరించవలసిన అవసరమే రానంత తేటగా ఉన్న మెనూ ఇది. మెనూ కూడా అక్కర్లేదనుకుంటే, 1వ వరుసకు పైన, ‘ఏ’ అనే కాలమ్‌కు ఎడమన ఉన్న మూలలో మందపాటి బూడిదరంగు గీతలు రెండుంటాయి. వాటిని మౌస్‌తో పట్టుకుని కావలసినంత దూరం కిందికో పక్కకో లాగితే చాలు. నిలిచిన భాగం సరిహద్దు కూడా అదే మందపాటి గీత గనక, ఎక్సెల్ సన్నగీతలా సెల్ అంచుల్లో కలిసిపోదు.

రెండింటినీ వాడేవారు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఎక్సెల్‌లో కర్సర్ ఉన్న వరుసకు పై వరుస దాకా నిలుస్తుంది, గూగుల్ షీట్స్‌లో ‘వరకు’ అంటే కర్సర్ ఉన్న వరుస కూడా కలిసే నిలుస్తుంది. నాలుగు వరుసలు కావాలంటే అక్కడ 5వ వరుసకు వెళ్లాలి, ఇక్కడ 4వ వరుసలోనే ఉండాలి. అటునుంచి ఇటు వచ్చినవారి పట్టికల్లో మొదటి ఉద్యోగి పేరు కూడా శీర్షికతో పాటు నిలిచిపోయి కనిపించడానికి కారణం ఇదే.

గూగుల్ షీట్స్‌ను నేను పై మెట్టున నిలబెట్టడానికి మెనూ తేటదనం కన్నా పెద్ద కారణం వేరే ఉంది. ఇక్కడ ఫ్రీజ్ షీటుకు చెందిన గుణం, నిలిపిన వరుసను ప్రోగ్రాం శీర్షికగా గౌరవిస్తుంది. షీటునంతా ఒక కాలమ్ ఆధారంగా పేర్చమని ఆదేశిస్తే, ఫ్రీజ్ అయిన వరుసలు కదలకుండా కింది వరుసలు మాత్రమే సర్దుకుంటాయి. ఎక్సెల్‌లో పేర్చే పనికీ ఫ్రీజ్‌కూ సంబంధం లేదు. పై వరుస శీర్షికా కాదా అన్నది అది సెల్‌ల తీరును చూసి ఊహిస్తుంది, ఊహ తప్పితే ‘మై డేటా హ్యాజ్ హెడర్స్’ అన్న చిన్న గడిలో టిక్కు పెట్టి మనమే సరిదిద్దాలి. టిక్కు పెట్టకపోతే ‘పేరు’ అన్న శీర్షిక అకారాది క్రమంలో ఉద్యోగుల నడుమ ఎక్కడో తేలుతుంది.

అలాగని గూగుల్ షీట్స్ పంతాలు లేనిదేమీ కాదు. సంస్థ పేరును అందంగా మధ్యకు తేవడానికి ఏ నుంచి హెచ్ వరకు సెల్‌లను కలిపేసిన పట్టికలో మొదటి కాలమ్‌ను ఫ్రీజ్ చేయబోతే, కలిపిన సెల్‌లో కొంత భాగాన్ని మాత్రమే నిలపడం కుదరదని నిరాకరిస్తుంది. ఎక్సెల్ నోరెత్తకుండా చేసేస్తుంది, కానీ పక్కకు జరిపినప్పుడు ఆ పేరు నడిమికి తెగి కనిపిస్తుంది. ముందే చెప్పి ఆగిపోవడమే నా దృష్టిలో మెరుగు. అసలు సెల్‌లను కలపడమే మానుకుంటే రెండు చోట్లా గొడవ ఉండదు; పేరును ఏ1లో ఎడమ అంచుకు రాసి వదిలేస్తే అది కుడివైపున్న ఖాళీ సెల్‌ల మీదికి తానే పరుచుకుంటుంది.

ఫ్రీజ్ షీటుకు చెందినది కావడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒకరు చేసిన అమరిక, ఆ షీటును పంచుకున్న అందరికీ వర్తిస్తుంది. వెడల్పాటి మానిటర్ ముందు కూర్చున్నవారు ఉద్యోగి సంఖ్య, పేరు, విభాగం, హోదా అనే నాలుగు కాలమ్‌లనూ నిలిపితే వారికి హాయిగానే ఉంటుంది. అదే షీటును ఫోనులో తెరిచినవారికి ఆ నాలుగు కాలమ్‌లే తెరంతా నిండి, పక్కకు జరిపినా హాజరు కాలమ్‌లు కనిపించవు. వారు దానిని తీసేస్తే మానిటర్ ముందున్నవారికీ పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పంచుకునే షీట్లలో నిలపవలసింది ఒకే కాలమ్, అదీ ఇరుకైనది. పేరు ఒక్కటే ముందుకు తెచ్చి, మిగిలిన వివరాలను కుడివైపుకు మార్చుకోవడం ఉత్తమం.

లిబ్రెఆఫీస్ క్యాల్క్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సూత్రం ఎక్సెల్‌దే: కర్సర్‌కు పైనా ఎడమనా ఉన్నవి నిలుస్తాయి. మెనూలో ‘ఫ్రీజ్ రోస్ అండ్ కాలమ్స్’ అని పేరు సూటిగా ఉంది, ఒకసారి నొక్కితే అమలవుతుంది, మళ్లీ నొక్కితే తొలగుతుంది, అమల్లో ఉన్నప్పుడు పక్కన టిక్కు కనిపిస్తుంది. పేరు మారే మీటలకన్నా ఈ టిక్కు పద్ధతి నాకు నచ్చింది. మొదటి వరుసకూ మొదటి కాలమ్‌కూ విడి ఎంపికలు, కిటికీని చీల్చే ఎంపిక కూడా ఉన్నాయి. ఎక్సెల్‌లో ఫ్రీజ్ చేసి దాచిన ఫైలు ఇందులో తెరిచినా ఆ అమరిక అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ఫైలులోనే నమోదై ఉంటుంది. సీఎస్వీగా దాచితే మాత్రం ఏ ప్రోగ్రాంలోనైనా అది పోతుంది. ఆ తరహా ఫైలులో అక్షరాలూ కామాలూ తప్ప మరేవీ నిలవవు.

యాపిల్ నంబర్స్ ఈ సమస్యను పూర్తిగా వేరే వైపునుంచి చూసింది. అందులో షీటు ఒక ఖాళీ కాగితం, దానిమీద ఎన్ని పట్టికలైనా విడివిడిగా ఉంచవచ్చు. ప్రతి పట్టికకూ శీర్షిక వరుసలు ఐదు దాకా, శీర్షిక కాలమ్‌లు ఐదు దాకా ముందే కేటాయించుకోవచ్చు. నిలపడమన్నది ఆ తరవాతి మాట: ‘టేబుల్’ మెనూలో శీర్షిక వరుసలను, శీర్షిక కాలమ్‌లను వేర్వేరుగా ఫ్రీజ్ చేయవచ్చు. శీర్షిక ఏదో ప్రోగ్రాంకు మొదటినుంచీ తెలుసు గనక పేర్చేటప్పుడు దాని జోలికి పోదు, పట్టిక అనేక పుటలకు పాకితే ప్రతి పుటపైనా దానిని తిరిగి వేయగలదు. ఆలోచన రీత్యా నాలుగింటిలో ఇదే సరైనదని నా అభిప్రాయం. ఐదు వరుసల హద్దు కూడా మంచిదే, అంతకుమించి నిలపవలసివస్తే పట్టికనే మార్చుకోవాలి. కానీ శీర్షిక కాని వరుసను, అంటే పోలిక కోసం తాత్కాలికంగా 12వ వరుస దాకా నిలుపుకోవడం వంటి పనిని ఇది ఒప్పుకోదు. స్వేచ్ఛ కావలసినవారికి ఎక్సెల్, క్యాల్క్ పద్ధతే నప్పుతుంది.

అచ్చు తీసే సమయంలో ఈ తేడాలన్నీ కాగితం మీదికి వస్తాయి. ఎక్సెల్‌లో తెరమీద శీర్షిక ఎంత గట్టిగా నిలిచినా అచ్చులో రెండో పుటనుంచి అది ఉండదు. ‘పేజ్ లేఅవుట్’ ట్యాబ్‌లో ‘ప్రింట్ టైటిల్స్’ తెరిచి, ప్రతి పుటపైనా పునరావృతం కావలసిన వరుసలను అక్కడ వేరుగా చెప్పాలి. క్యాల్క్‌లోనూ ‘ప్రింట్ రేంజెస్’ దగ్గర అదే శ్రమ. గూగుల్ షీట్స్ అచ్చు అమరికలో మాత్రం ‘ఫ్రీజ్ చేసిన వరుసలను పునరావృతం చేయి’ అనీ, కాలమ్‌లకూ అలాగే అనీ రెండు గడులుంటాయి. టిక్కు ఉంటే చాలు, నిలిపినవే ప్రతి పుటలో వస్తాయి. ఒకసారి చెప్పిన మాటను మళ్లీ అడగకుండా గుర్తుంచుకోవడమంటే ఇదీ.

ఈ నాలుగింటిలో ఏదీ తీర్చని కోరిక ఒకటి మిగిలే ఉంది: కింది వరుసను నిలపడం. ఫ్రీజ్ ఎప్పుడూ పై అంచునుంచీ ఎడమ అంచునుంచీ మాత్రమే మొదలవుతుంది, మొత్తాలుండే అడుగు వరుసను గానీ కుడి అంచున ఉండే కాలమ్‌ను గానీ కళ్లముందు ఉంచే మీట లేదు. స్ప్లిట్‌తో కింద ఒక ఇరుకు భాగం తెరిచి మొత్తాల వరుసను అందులో చూపవచ్చు, కానీ గూగుల్ షీట్స్‌లో స్ప్లిట్ కూడా లేదు. అందువల్ల మొత్తాలనే పైకి తేవడం తెలివైన పని. శీర్షికకు సరిగ్గా పై వరుసలో మొత్తాలు వేసి, ఆ రెండు వరుసలనూ కలిపి ఫ్రీజ్ చేయాలి. అక్కడ సమ్ ఫంక్షన్‌కు బదులు సబ్‌టోటల్‌ను, మొదటి సంఖ్యగా 9 ఇచ్చి వాడితే, కింద ఏదైనా విభాగాన్ని వడపోసిన వెంటనే ఆ విభాగపు మొత్తమే పైన కనిపిస్తుంది. సూత్రంలో పరిధిని ఇప్పుడున్న ఆఖరి వరుస దగ్గర ఆపకుండా మరికొన్ని వేల వరుసలు ముందుకు ఇచ్చుకుంటే, రేపు కింద చేర్చబోయే అంకెలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి.